చిల్లు పడకూడని గిటారు

తైస్తో మా సరస్సు చుట్టూ ఉన్న ఆవిరిస్నానపు సౌనాల్లో సగం కట్టిన మనిషి. ఆవిరిగదికి చెక్క గోడ వెయ్యక ముందు లోపల అల్యూమినియం కాగితం పరుస్తారు కదా, ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. మేకు దిగిన ప్రతిచోటా పైన మెరిసే టేపు అంటించి, బొటనవేలితో రుద్ది మరీ కదులుతాడు. ఇంకొకరి సౌనాకి పిలిస్తే స్నానం సంగతి తర్వాత, ముందు గోడ తట్టి చూస్తాడు. "ఎక్కడో చిల్లుంది. నీ ఆవిరంతా గోడలోకే పోతోంది," అని ఇంటివాడి మొహం మీదే అనేస్తాడు. అందుకే అతన్ని పనికి పిలిచినంతగా స్నానానికి పిలవరు.

అలాంటి మనిషికి యాభై దాటాక గిటారు పిచ్చి పట్టింది. కొనుక్కోవచ్చు, కొనడు. సౌనా బల్లలకి తెచ్చిన చెక్క మిగిలితే దాన్నే చెక్కి, పాత టెలిఫోన్లలోంచి రాగి చుట్టలు పీకి పెట్టి, కరెంటు గిటారు తయారుచేశాడు. చూడ్డానికి కాళ్ళు విరిగిన బల్లలా ఉంటుంది గాని, మోగితే బాగా మోగుతుంది. నేను అకార్డియన్ వాయిస్తాను. వేసవిలో సరస్సు ఒడ్డున డాన్సు చావడిలో మా జట్టుదే పాట. తైస్తోని నేనే చేర్చాను.

వాయిస్తున్నంతసేపూ బాగానే ఉండేది. తీగల మీంచి చెయ్యి తీస్తే చాలు, స్పీకర్లోంచి జుయ్‌మని రొద. మావన్నీ ఏడుపు టాంగో పాటలు. మధ్యలో ఒకచోట అందరం ఒక్కసారి ఆపేస్తాం. జంటలు కదలకుండా ఒకరినొకరు పట్టుకుని నిలబడతారు. సరిగ్గా అప్పుడు జుయ్. సరస్సు పక్కన పుట్టినవాళ్ళం, ఆ చప్పుడు వింటే మా చేతులు ఊరుకోవు. పట్టుకున్న ఆడమనిషిని వదిలేసి టపటపా మెడలు కొట్టుకునేవాళ్ళు. ఒకాయన కంగారులో ఆవిడ మెడ మీదే కొట్టాడు. ఆ సంబంధం కుదరలేదని తర్వాత విన్నాను.

చావడి నడిపే హన్నెస్ మాటలు పొదుపు. పాటలయ్యాక మా దగ్గరికొచ్చి, గిటారు వైపు చూసి, "మధ్యవేసవి పండక్కి కూడా ఇది ఇలాగే మూలిగితే అవతలి ఒడ్డు గిటారు కుర్రాణ్ణి పిలుస్తాను. దోమలు నా దగ్గర చాలానే ఉన్నాయి," అన్నాడు.

తైస్తో తనకి పోసిన కాఫీ తాగలేదు. మా ఊళ్ళో మగాడు కాఫీ వదిలేశాడంటే ఏడ్చినట్టే లెక్క.

పట్నంలో రేడియోలు బాగుచేసేవాణ్ణి అడిగాను. గిటారు కడుపులో అల్యూమినియం కాగితం పరిచి, దాన్ని ఎర్త్ వైరుకి కలిపితే రొద పోతుందన్నాడు. కాగితం అనగానే తైస్తో మొహం వెలిగింది. ఎక్కడా కత్తెర పెట్టకుండా, ఒకే ముక్కని బుట్టలా మడిచి ఆ గుంటలో కూర్చోబెట్టాడు. పిల్లి పట్టేంత చోటుంటే దానికి ఆవిరి స్నానం చేయించొచ్చు, అంత నీటుగా ఉంది.

ఎర్త్ వైరు దగ్గర వచ్చింది చిక్కు. అల్యూమినియానికి టంకం అంటుకోదు. కాగితానికి చిల్లు పెట్టి, వైరు చివర ఉంగరంలా చుట్టి, స్క్రూ బిగించాలి. ఆ మాట చెప్పగానే తైస్తో లేచి పెరట్లోకి వెళ్ళి కట్టెలు కొట్టాడు. రెండు చలికాలాలకి సరిపడా కొట్టాక లోపలికొచ్చి, సరే, ఆ పనేదో తానే చేస్తానన్నాడు.

చేశాడు. కరెంటు పెట్టాం. జుయ్.

వైరు మార్చాం. ప్లగ్గు తిప్పి పెట్టాం. స్పీకరు ఇంకో గదిలోకి మోశాం. ఫ్రిజ్ వల్లేమోనని దాన్నీ ఆపాం. అప్పుడొచ్చింది అతని భార్య కెర్తు.

"ఏవయ్యా, నా వెన్న కరిగిపోతోంది. ఇంకా ఎంతసేపు?" అంటూ గిటారు కడుపులోకి తొంగిచూసింది. నా కంటికి ఆనని సంగతి ఆవిడ కంటికి ఆనింది. "స్క్రూ కింద అదేంటి?"

"టేపు."

"టేపెందుకు?"

"చిల్లు పడింది కదా," అన్నాడు తైస్తో, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మెరిసే కాగితం మీద మెరిసే టేపు, తెలిసి చావలేదు. చిల్లు అంచుల లోపలి దాకా టేపు మడిచి, బొటనవేలితో రుద్ది, దాని మీద వైరు ఉంగరం పెట్టి బిగించాడు. టేపు బంక మధ్యలో ఉంటే వైరుకి కాగితం తగిలేదెలా?

కెర్తు నడుం మీద చెయ్యి వేసుకుని మొగుడి వైపు తిరిగింది. "ఇందులో స్నానం ఎవరు చేస్తారయ్యా?"

తైస్తో చెవులు ఎర్రబడ్డాయి. స్క్రూ అయితే విప్పాడు గాని, టేపు మీదికి అతని చెయ్యి పోలేదు. "నువ్వే పీకు," అని గిటారు ఆవిడకిచ్చి, పన్ను పీకించుకునేవాడిలా మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ పీకింది. నేను స్క్రూ బిగించాను. స్విచ్చి వేస్తే చప్పుడే లేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాం. కెర్తు వెళ్ళి ఫ్రిజ్ వేస్తే అదొక్కటే గుర్రుమంది.

పండగ రోజు చావడి కిటకిటలాడింది. మొదటి టాంగోలోనే ఆ చోటు వచ్చింది. అందరం ఆపేశాం. తైస్తో తీగల మీంచి చెయ్యి తీశాడు. అవతల సరస్సులో పడవ కట్టు కిర్రుమనడం కూడా వినిపించింది.

టప్.

గుమ్మం దగ్గర హన్నెస్ మెడ మీద కొట్టుకున్నాడు. జనమంతా తైస్తో వైపు తిరిగారు. హన్నెస్ మెల్లిగా అరచెయ్యి తెరిచి చూసుకుని, అందులోని దోమని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అది నాది కాదు," అని తైస్తో తర్వాతి వరస అందుకున్నాడు.