నీళ్ళు తేరేదాకా

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వాన పడితే రోడ్లు చెరువులవుతాయి. మా అల్యూమినియం వర్క్‌షాపు ముందు కార్లు తేలతాయి. ఆ వానను మేమే కురిపించినట్టు మా ముదీర్, అంటే మేనేజరు, మా మీద అరుస్తాడు. ఆ వానతో నాకేం పని లేదు. నాకు కావలసిన వాన తూర్పున కొండల మీద పడాలి. అక్కడ పడితే నీళ్ళు వాదిలోకి దిగి, కల్బా దగ్గర సముద్రంలో కలుస్తాయి. వాది అంటే మన వాగే, కాకపోతే ఏడాది పొడుగునా అందులో రాళ్ళే ఉంటాయి. చలి శివశివా అంటూ వెళ్ళిపోయే రోజుల్లో ఒకటి రెండుసార్లు నిజంగా పారుతుంది. మా గాలాల పండగ అప్పుడే.

ఈ సంగతి నాకు నేర్పినవాడు నెల్లూరు వైపు ముస్లిం. నాకన్నా బాగా పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బయా అనేవాడు. కరోనా ఏడాది పనులాగిపోయి రూములో పడి ఉన్న నెలల్లో కింది మంచం ఆయనది, పై మంచం నాది. మిగతావాళ్ళు బెంగాలీలు, నేపాలీలు. తెలుగు మాట మా రెండు మంచాల మధ్యే తిరిగేది. ఆయన పెన్న సముద్రంలో కలిసేచోట చిన్నప్పట్నుంచి గాలం వేసినవాడు. నేను జగిత్యాల దిక్కు, గోదావరి ఒడ్డువాణ్ణి. చేపల గురించి నాకూ తెలుసునన్న పొగరు ఉండేది.

"కొత్త నీళ్లొస్తె చాపలు ఎదురెక్కుతయ్ భాయ్. వాన పడ్డనాడే పోవాలె," అన్నాను.

"ఎక్కేదానికి ఆడ పైన ఏముందబ్బయా, రాళ్ళు తప్ప? మీ గోదారి మాటలు గోదారికాడ చెప్పుకో," అన్నాడు.

పనులు మొదలయ్యాక ఆయనకు కల్బా దగ్గర సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పని దొరికి వెళ్ళిపోయాడు. ఆ చలికాలం కొండల మీద వాన పడిందని ఆయన చెప్పగానే నా మాటే నెగ్గాలని అదే రోజు బస్సెక్కి పోయాను. వాది ఎర్రగా, రాళ్ళు దొర్లించుకుంటూ వస్తోంది. ఖర్జూరపు మట్టలు, ఒక గ్యాసు బండ, మేకల తొట్టి, అన్నీ కొట్టుకొచ్చాయి. చేప మాత్రం ఒక్కటీ లేదు. ఒడ్డున సముద్రం టీ రంగులో ఉంది. ఆయన నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు.

ఆయన లెక్క ఇదీ. వాన రోజు పోకూడదు. బురదకు చేపలు దూరంగా తొలగిపోతాయి. రెండో రోజో మూడో రోజో బురద ఒక పక్కకు ఒదుగుతుంది. అప్పుడు ఎర్రనీళ్ళకూ నీలినీళ్ళకూ మధ్య గీత పడుతుంది. బురదతో వచ్చిన మేత కోసం చేపలు ఆ గీత మీదకు వస్తాయి. ఇంకో రోజు పోతే నీళ్ళు పూర్తిగా తేరిపోతాయి, గీతా ఉండదు, చేపలూ ఉండవు. అంటే ఒక్కో వానకు ఒక్కటే రోజు. ఆ రోజు ఎప్పుడో ఒడ్డున ఉన్నవాడు చూసి చెప్పాలి. తర్వాతి వానకు ఆయన చూశాడు, చెప్పాడు, నేను పోయాను. ఆ రోజు కత్తిపరిగెలతో సంచి నిండింది. ఒడ్డునే స్టవ్ పెట్టి పులుసు కాచాడు. ఈ దేశం వచ్చాక నేను కడుపునిండా తిన్న రోజు, కడుపునిండా మాట్లాడిన రోజు అదే.

ఆ తర్వాత సెలవులు మారాయి. మా కంపెనీ శుక్రవారం సెలవు తీసి ఆదివారం ఇచ్చింది, వాళ్ళ ఫ్యాక్టరీలో శుక్రవారమే ఉండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, మాకు కొండల మీద వాన పడినా ముదీర్ సెలవివ్వాలి. వాన, గీత, శుక్రవారం, ముదీర్ మూడ్, ఈ నాలుగూ కలవాలి. రెండేళ్ళు కలవలేదు.

అయినా ప్లానులు ఆగలేదు. ఇక్కడ వాట్సాప్‌లో కాల్ పోదు కాబట్టి వాయిస్ మెసేజ్‌లు పంపుకొనేవాళ్ళం. నా రూములో మనుషులు మారిపోయారు, తెలుగువాడు ఒక్కడూ మిగల్లేదు. రోజంతా హిందీలో, సైగల్లో గడిపి, డ్యూటీ దిగాక బస్సులో ఆయన గొంతు వినేవాణ్ణి. ఏ దారం, ఏ ఎర, రొట్టె ముద్దలో ఎంత పసుపు కలపాలి, అవే మాటలు. వాన లేని నెలల్లోనూ అవే. నిజం చెప్పాలంటే, చేపల మీద నాకంత మోజు లేదు. ఆ మాటలు లేకపోతే నేను మాట్లాడటానికి ఇంకేమీ లేదు.

మొన్నటి చలికాలం మూడు వానలు పడ్డాయి. మొదటిదానికి అడిగితే, "నిన్ననే తేరిపోయినాయబ్బయా, ఇప్పుడొచ్చి ఏం లాభం," అన్నాడు. రెండోదానికి గాలి బాగాలేదన్నాడు. మూడోదానికి నేను పట్టు పట్టాను. ముదీర్‌ను బతిమాలి, ఆదివారం పనిచేస్తానని ఒప్పించి శుక్రవారం తీసుకున్నాను. దారం కొన్నాను, గాలాలు కొన్నాను. గురువారం మెసేజ్ వచ్చింది.

"రాబాకబ్బయా. ఇంకా ఎర్రంగానే ఉండాయి. ఇంకో వానకి చూద్దాం తాళు."

ఇంకో వాన ఎక్కడిది? ఎండలు వచ్చేస్తున్నాయి. నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు ఎర్రగా ఉంటే ఉండనీ, మనిషినైనా చూసొస్తాను అనుకున్నాను. ఆయనకు చెప్పకుండా బస్సెక్కాను.

ఒడ్డున దిగి చూస్తే వాది సన్నగా పారుతోంది. సముద్రంలో ఇటు ఎరుపు, అటు నీలం, మధ్యన గీత స్పష్టంగా ఉంది. ఇంతకన్నా మంచి రోజు వెతికినా దొరకదు. అంటే నాతో అబద్ధమాడాడు. నేను రావడం ఇష్టం లేదన్నమాట. అంతసేపూ బస్సులో పడ్డ కోపం ఒక్కసారిగా దిగులైంది. అయినా కడిగేద్దామనే ఫ్యాక్టరీ దాకా నడిచాను.

గేటు ముందు ఒక మలయాళీ టీ కొట్టు ఉంది. భాయ్ రూము ఎక్కడని అడిగాను.

"వో తో ఘర్ చలా గయా, భాయ్. క్యాన్సిల్ కర్కే. ఖలాస్," అన్నాడు కొట్టతను.

దీపావళికి ముందే వెళ్ళిపోయాడట. షుగర్‌తో కంటిచూపు దెబ్బతింది, ఫోర్క్‌లిఫ్ట్ నడపడం కుదరలేదు. వీసా రద్దు చేసుకుని నెల్లూరు వెళ్ళిపోయాడు. ఇక్కడి నంబరే ఇంకా వాట్సాప్‌లో నడుస్తోంది. కొట్టతను హిందీలో ఇంకో మాట చెప్పాడు. వాన పడిందని తెలిస్తే చాలు, మెసేజ్ పెట్టి వాదిలో నీళ్ళెలా ఉన్నాయని అడుగుతాడట. కొట్టు వదిలి నేనెక్కడ పోయి చూస్తాను, బాగా ఉన్నాయని చెప్తాను అన్నాడు.

టీ తాగకుండానే ఒడ్డుకు తిరిగొచ్చాను. రాయి మీద కూర్చుని మెసేజ్ పంపాను.

"భాయ్, నేను కల్బాల ఉన్న. నీళ్లు మంచిగున్నయ్. గీత కనవడ్తాంది. నువ్వు ఇంటికి పోయినవని టీ కొట్టాయన చెప్పిండు. నాకెందుకు చెప్పలే?"

విన్నట్టు నీలి గుర్తులు పడ్డాయి. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు, ఈ మాట.

"చెప్పుంటే నువ్వు ఇంక నీళ్ళ సంగతి నన్ను అడగవు కదబ్బయా. ఇంటికాడ కూర్చున్నోణ్ణి ఎవురడగతారు?"

వెంటనే ఇంకో మెసేజ్ వచ్చింది. "గీతకి అవతల వెయ్యబాక. బురద పక్కనే వెయ్యి. తొందరపడి లాగబాక."

అలాగే వేశాను. లాగలేదు. పొద్దు కొండల వెనక్కి పోయేదాకా వేస్తూనే ఉన్నాను. ఒక్క చేపా పడలేదు. "ఏమన్నా పడినాయా?" అని మధ్యమధ్యలో అడుగుతూనే ఉన్నాడు. చివరికి, "పడినయ్ భాయ్. కత్తిపరిగెలు. మంచి సైజున్నయ్," అన్నాను.

"నాకు తెలుసబ్బయా," అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నా గుండె చెరువైంది. ఇంక పులుసు ఎలా పెట్టాలో మొదలుపెట్టాడు. చింతపండు ఎంత, మెంతులు ఎప్పుడు, తోక ముక్కలు ముందు వెయ్యాలా తల ముక్కలా, ఒకదాని వెనక ఒకటి మెసేజ్‌లు. చెప్పినదానికల్లా ఊ కొడుతూ, ఖాళీ సంచి పక్కన పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. చివరగా ఆయనే అడిగాడు.

"రూములో తినేదానికి నీకు తోడు ఎవురన్నా ఉండారా?"

"ఉన్నరు భాయ్," అన్నాను.