మంగళం తర్వాతి కథ

మావ పోయాడన్న మాట మా నాన్న నోటితో చెప్పలేదు. టెక్కలిలో మా బడికి ఫోన్ చేసి, "సెలవెట్టేసి రా అమ్మీ, సాయంత్రం దాకా ఉంచరు" అన్నాడు. నాకు అర్థమైంది. ఎనిమిదో తరగతి పిల్లలని పక్క గదిలోకి పంపించి బస్సెక్కాను.

మావ మా అమ్మకి స్వయానా అన్న. అక్కుపల్లి వెళ్ళే దారిలో కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య వాళ్ళ ఊరు. మా ఉద్దానం ప్రాంతంలో జముకుల కథ విన్నవాళ్ళకి ఆయన పేరు నేను చెప్పనక్కర్లేదు. చెబితే ఆయనకి నచ్చేదీ కాదు. "పేరు కతలో రాజుగోరిది, నాదెందుకు?" అనేవాడు. అందుకని ఇక్కడా మావ అనే రాస్తున్నాను. మూత్రపిండాలు పాడై కొన్నేళ్ళుగా విశాఖపట్నం ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. మా వైపు ఆ జబ్బు పేరు చెబితే ఎవరూ అదేమిటని అడగరు. ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతారు.

జముకు అంటే చంకలో ఇరికించుకుని తీగ లాగి మీటే వాద్యం. బుడుక్ బుడుక్ మంటూ మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మావ కథకుడు, మా నాన్న ఆయనకి వంత. వంత అంటే వెనకాల తల ఊపేవాడని కొందరి లెక్క. కాదు. కథకుడు ఊపిరి తీసుకునే చోట వంతవాడు "తరవాతేటైంది బావా?" అని అడగాలి. అడిగితేనే కథ ముందుకు కదులుతుంది. భావనపాడులో ఒకసారి నాన్నకి దగ్గుతెర పట్టుకుని ఆ మాట రాలేదు. మావ అదే చరణం తిప్పి తిప్పి పాడాడు. నాన్న దగ్గు తగ్గేదాకా పాపం రాజుగారు గుర్రం ఎక్కుతూనే ఉన్నారు.

జీడితోటలో పుట్టి పెరిగిన మనిషి, కథ ఉన్న రోజు ఒక్క జీడిపప్పు నోట్లో వేసుకునేవాడు కాదు. గొంతు జిగురెక్కుతుందట. మర్నాడు మాత్రం పిడికిళ్ళతో తినేవాడు, అత్త చేత చీవాట్లు కూడా అలాగే తినేవాడు.

ఎనభైల్లో వాళ్ళిద్దరి కథ ఒక క్యాసెట్‌గా వచ్చింది. ఏడుగురు అన్నల చెల్లెలి కథ. పలాస బస్టాండులో, కోటబొమ్మాళి సంతలో ఎక్కడ చూసినా అదే మోగేది. చెల్లెలు అడవిలో దారి తప్పిన చోట మొదటి వైపు అయిపోయేది. ఏం జరిగిందోనని ఊరంతా ఎదురుచూస్తుంటే ఎవరో ఒకరు పరుగున వెళ్ళి క్యాసెట్ తిప్పేవారు. ఆ తర్వాత ఊళ్ళోకి టీవీలు వచ్చాయి, డిష్‌లు వచ్చాయి. కథకి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. దానికి తోడు పెద్ద గాలివాన వచ్చి తోటంతా పడుకోబెట్టేసింది. మావ జముకుని గోడకి తగిలించాడు. అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్న ఆ మనిషిని చూడడానికి నాకు చాలా కష్టంగా ఉండేది. ఇంటిని మళ్ళీ నిలబెట్టింది అత్తే.

కొన్నేళ్ళకి కాశీబుగ్గలో క్యాసెట్ల కొట్టు నడిపే ఆసామి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. పాత గొంతులకి మళ్ళీ గిరాకీ వచ్చిందని, కొత్త క్యాసెట్ చేద్దామని అన్నాడు. ఆయనకి కావలసింది పాత కథే. మావకేమో తను కొత్తగా కట్టిన కథ పాడాలని. చివరికి ఒక వైపు పాతది కుదించి, రెండో వైపు కొత్తది అని ఒప్పందం కుదిరింది.

చివర పాడే మంగళం దాకా ఇంకా కుదరని కథని సొంత ఇంటి కప్పు కింద పాడకూడదని వాళ్ళ ఆచారం. అందుకని బావలిద్దరూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కుపల్లి సముద్రపొడ్డుకి పోయి, ఇసుకలో కూర్చుని కథ కట్టుకునేవారు. "ఈ వయిసులో ఈలిద్దరూ ఒడ్డుకెల్లి ఏటి సేత్తన్నారో" అని అత్త మా అమ్మతో అని నవ్వేది. మావ ఒక్క ముక్క బయటపెట్టలేదు.

విశాఖపట్నంలో రికార్డింగ్ రోజు నేనూ వెళ్ళి, పాత కథ అయ్యేదాకా ఉన్నాను. మిషను దగ్గరున్నతను, మొదటి వైపు మంగళం వదిలేస్తే కాస్త టేపు కలిసొస్తుందని అన్నాడు. మావకి ఎక్కడ లేని కోపం వచ్చింది.

"మంగళం పాడకుండా కత ఆపమంటావేటి బావూ? అన్నం తిని సెయ్యి కడుక్కోవద్దంటావా?"

అలా ఒకే క్యాసెట్‌లో రెండు మంగళాలు పడ్డాయి. అట్ట మీద పాత కథ పేరు దిట్టంగా అచ్చయింది. కొత్త కథ పేరు చీమ తలకాయంత.

క్యాసెట్ వచ్చిన ఆదివారం మావ ఇంటి ముందు చాపలు పరిచారు. పాత కథకి జనం కళ్ళు తుడుచుకున్నారు. మంగళం మొదలైంది. మా ఊళ్ళలో మంగళం పాడాక కూర్చుని ఉండడం అశుభం. అందరికన్నా ముందు అత్త లేచి టేప్ రికార్డరుకే దణ్ణం పెట్టింది. జనం లేచారు, చాపలు చుట్టారు. ఎవరో టేపుని మళ్ళీ మొదటికి వెనక్కి చుట్టి, భద్రంగా పెట్టెలో పెట్టారు. తర్వాత ఎన్నిసార్లు పెట్టినా ఇదే వరస. తప్పు పట్టడానికి ఎవరున్నారు? కథ అయిపోయింది, మంగళం పాడింది సాక్షాత్తూ ఆయనే.

టెక్కలిలో నా టేప్ రికార్డరు దానంతట అదే రెండో వైపు తిప్పుకునే రకం. దానికి మంగళం తెలీదు. ఒక సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే మంగళం అయింది, కాస్త బుసబుస వినిపించింది, ఆపైన మావ గొంతు మళ్ళీ లేచింది. గాలివానకి తోట పోయిన రైతు అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుంటాడు. అతని ఇంటిది పలకరించదు, ఏడవదు. మొలకెత్తిన టెంకాయలు ఏరుకొచ్చి, కూలిన చెట్ల మధ్య గోతులు తవ్వి పాతిపెడుతుంది. చీకటిపడి ఇంటికొచ్చాక గంజి కాచి అతని పక్కన పెడుతుంది. "తోట పడిపోనాది గాని నేల పడిపోనేదు" అని ఆ కథలో ఒక మాట ఉంది. రైతుకి పేరు ఉంది, ఆమెకి లేదు. ఆమె ఎవరో మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను పేపర్లు పక్కన పెట్టేసి ఏడ్చాను.

ఆ వారమే వెళ్ళి, రెండో వైపు విన్నానని మావతో చెప్పాను.

"మంగళం అయినాక కూడా ఇన్నావేటే?" అన్నాడు. తిట్టబోయి సంతోషపడిపోయాడు. "బాగున్నాదా?" అని అడిగాడు. అంతటి కథకుడు నన్ను అలా అడుగుతాడని ఎన్నడూ అనుకోలేదు.

"అత్తకి వినిపించు మావా. ఆమె కథ ఆమెకే తెలీకపోతే ఎలా?"

"అడుక్కుని ఇనిపిత్తే అది కత కాదమ్మీ, అర్జీ. తరవాతేటైందని ఆలే అడగాల. అడిగినప్పుడే ఇనిపిత్తాను."

"మంగళం అయ్యాక ఎవరు అడుగుతారు?"

"అడుగుతార్లే ఎవులో ఒకులు."

నన్ను కూడా చెప్పొద్దన్నాడు. ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ బడిలో పాఠం మధ్యలో ఆగి, పిల్లలు అడిగేదాకా నోరు మూసుకుని నిలబడే విద్య నాకు ఆయన దగ్గరే అబ్బింది. నా చేత చదువుకున్నవాళ్ళు నన్ను మెచ్చుకుంటే అందులో సగం ఆయనకి చెందాలి.

ఆసుపత్రిలో చివరి నెలల్లో ఆయన గొంతు జీరపోయింది. అయినా పక్క మంచం మనిషికి రోజూ కాస్త కథ చెప్పేవాడు. అతను ఆత్రంగా తర్వాతేమైందని అడిగితే, "రేపు సెప్తాను, ఈ పూటకి తొంగో" అనేవాడు. అత్త పక్కనే నారింజ ఒలుస్తూ, "ఈ మడిసికి రోగవొచ్చినా కతలు మానవు" అనేది. ఆయన ఆశగా ఆమె వైపు చూసేవాడు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పందిట్లో ఆ క్యాసెట్ పెట్టారు. ఊరంతా ఉంది. అత్త గోడకి చేరగిలబడి కూర్చుంది. నాన్న పది రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. టేపులోంచి తన గొంతే వినిపిస్తుంటే తల వంచుకుని ఉన్నాడు. మొదటి వైపు అయింది. మంగళం పాడుతుండగానే అలవాటు చొప్పున అత్త నేల మీద చెయ్యి ఆనించి లేవబోయింది. జనం చాపలు సర్దుకుంటున్నారు.

అప్పుడు నాన్న తల ఎత్తి, వేదిక మీద అడిగినట్టే గట్టిగా అడిగాడు.

"తరవాతేటైంది బావా?"

చాపలు చుడుతున్నవాళ్ళు ఆగిపోయారు. దుఃఖంలో మతి తప్పిందనుకుని మా అమ్మ నాన్న భుజం పట్టుకుంది. నేను వెళ్ళి క్యాసెట్ తిప్పి పెట్టాను. అత్త సగం లేచినది మళ్ళీ కూర్చుంది.

కథ ముందరి ప్రార్థన అయింది, జముకు పలికింది. ఇంటిది మొలకెత్తిన టెంకాయలు ఏరుకొచ్చే చోటికి కథ వచ్చేసరికి అత్త కొంగు చివర నులుముతున్న వేళ్ళు ఆగిపోయాయి. గంజి కాచే చోట నా వైపు తిరిగి, "ఇది నానే కదేటమ్మీ" అంది. నేను అవునని తల ఊపాను. "ఒక్కమాటైనా సెప్పనేదు" అంది. ఎవరి కథో అప్పటికి పందిట్లో అందరికీ తెలిసిపోయింది.

రెండో మంగళం వచ్చింది. ఇంటికి పెద్దది ఆమె, ముందు ఆమె లేవాలి. అందరూ ఆమె వైపే చూశారు. మంగళం అయిపోయింది, ఖాళీ టేపు కాసేపు తిరిగి మీట పైకి లేచింది. ఆ ఊళ్ళో మంగళం పాడాక జనం కూర్చుని ఉండడం నేను చూడడం అదే మొదలు. పొద్దు వాలి, ఆమె నాటిన కొబ్బరిచెట్ల నీడలు పందిట్లోకి పాకి ఆమె పాదాల మీద పడ్డాయి. అయినా అత్త లేవలేదు.