గడ్డిలో వదిలేసిన రాయి

ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి బతికున్నంతకాలం రేపు చెబుదాం, ఈ పండగ పోనీ చెబుదాం అని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ మనిషి లేదు. నేనాడిన అబద్ధం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని లోపల పెట్టుకునే తిన్నాను, నవ్వాను, నలుగురిలో మంచిదాన్ననిపించుకున్నాను. ఇంక నావల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మైసూరు రాజులవారి ఏలుబడి ఇంకా నడుస్తున్న రోజులు. కట్టుకున్నవాడు నన్ను వదిలేసి ఇంకొకతెను తెచ్చుకున్నాడు. అన్న ఇంటికి పోతే వదిన లోపలికి కూడా రానివ్వలేదు. అప్పుడు అక్క వచ్చి నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. పావగడ కొండ దూరంగా కనబడే చిన్న ఊరు. అక్కకూ బావకూ వేరుశనక్కాయ పండే నేల కొంచెం, గుట్ట కింద గడ్డి పెరిగే బీడు కొంచెం ఉండేవి. వానలు సరిగా పడని ఏడు ఆ బీటి గడ్డే ఇంటికి ఆధారం. ఎండబెట్టి, మోపులు కట్టి, పావగడలో జట్కాబండ్లవాళ్ళకు అమ్మేవాళ్ళం. కోసేది ఎక్కువగా నేనే. ఎవరూ అడగకముందే కొడవలి పట్టుకున్నాను. ఊరికే కూర్చుని తింటోందని ఎవరూ అనకూడదు, అంతే నా భయం.

అలా కోసి కోసి, ఆ బీటిలో ఏ రాయి ఎక్కడ ఉందో నా చేతికి తెలిసిపోయింది. కొడవలి మొన పోయిన చోటు ఎవరు మరిచిపోతారు?

యుద్ధం వచ్చి కూలివాళ్ళు దొరకడం కష్టమైంది. ఎద్దులు లాగే గడ్డికోత మిషను ఒకటి పాతది కొనాలని బావకు ఆశ పట్టుకుంది. రెండు ఇనప చక్రాలు, తోలేవాడు కూర్చోడానికి ఒక ఇనప పీట, పక్కన నేలబారుగా పొడుగాటి పళ్ళవరస. చక్రం తిరిగితే ఆ పళ్ళ మధ్య కత్తి ఆడుతుంది. హిందూపురం వైపు ఒకటి చూసి వచ్చాడు. అది మరీ పెద్దది, మా ఎద్దులు లాగలేవన్నాడు. మడకశిర వైపు ఇంకొకటి చూశాడు. అది చిన్నది. చక్రం చేత్తో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, కత్తి పదును బొటనవేలితో చూసి, అప్పటికీ ఒప్పుకోలేదు. నా బీట్లో నడిపి చూసినాకనే కొంటానన్నాడు. బావ అంత జాగ్రత్త మనిషి. అమ్మేవాడు సరేనన్నాడు గానీ, రాళ్ళు ఏరించి పెట్టాలనీ, రాయి తగిలి పళ్ళు విరిగితే తన పూచీ కాదనీ చెప్పాడు.

అమ్మేవాడు బేరానికి వచ్చినప్పుడు, ఆ మాటలు మా ఇంటి ముందరే జరిగాయి. నేను మజ్జిగ తెచ్చి ఇస్తున్నాను. బావ నవ్వుతూ అన్నాడు: "ఈ మిషను వస్తే ఇంగ కూలోళ్ళతో పని ల్యాప్పా. మా మరదలు గూడా వాళ్ళన్న ఊరికి పోయి హాయిగా ఉండొచ్చు."

హాయిగా. ఆ ఇంటి గడప ఎక్కనివ్వలేదని ఆయనకు తెలుసు. తమాషాకు అన్నాడా? నామీద జాలితోనే అన్నాడా? ఇప్పటికీ తెలియదు. నన్ను కాల్చింది మాత్రం ఆ మాట కాదు. అక్క అక్కడే కూర్చుని కాయలు వలుస్తోంది. తలెత్తలేదు. ఒక్క మాట అనలేదు. విన్నదో లేదో కూడా నేను అడగలేదు, విన్నదనే తేల్చేసుకున్నాను. నా కూడు వీళ్ళకు బరువైపోయిందనుకున్నాను.

మరుసటి పొద్దున అక్కా నేనూ రాళ్ళు ఏరడానికి పోయాం. మిషను నడిపే మేరకు గడ్డిలో నడిచి నడిచి మధ్యలో ఒక దారి తొక్కాం. దారికి అటు అక్క, ఇటు నేను. విడిరాళ్ళు ఏరి గట్టున పడేయాలి. నేలలో పాతుకున్నవాటి పక్కన పుల్ల నాటి, దానికి గుడ్డపేలిక కట్టాలి. అక్క అప్పుడు కడుపుతో ఉంది. నాలుగడుగులకొకసారి నడుం పట్టుకుని నిలబడేది.

తొక్కిన దారికి ఇటువైపు, నా పక్కన, ఒక రాయి ఉంది. నేలపైన దాని నెత్తి మాత్రమే కనబడుతుంది. ఏటా కొడవలి దాని చుట్టూ వంచి కోసేదాన్ని. దాని దగ్గరకు వచ్చాను. చేతిలో పుల్ల ఉంది. పేలిక ఉంది. గడ్డి సరిచేసి దాన్ని కప్పి, ముందుకు పోయాను.

ఏమనుకున్నాను? పళ్ళు విరుగుతాయి, బేరం చెడిపోతుంది, అంతే అనుకున్నాను. మనిషికి ఏమన్నా అవుతుందని అనుకోలేదు. ఇది నిజమేనా? కొనేవాడే తోలి చూడాలని బావ ముందురోజే అన్నాడు కదా. పీట మీద కూర్చునేది ఆయనేనని నాకు తెలుసు కదా. అనుకోలేదు అని రాయడం సులభం. అనుకోకుండా ఉండడానికి ఆ పూట నేను ఎంత పాటుపడ్డానో నాకే తెలుసు.

ఆ మధ్యాహ్నం అమ్మేవాడు మిషను తెచ్చాడు, బావ పీట ఎక్కి తోలాడు. బాగా నడిచింది. గడ్డి ఒకే తీరుగా పక్కకు ఒరుగుతూ వస్తుంటే నాకే ముచ్చటేసింది. బావ మొహం వెలిగిపోతోంది. ఆ మొదటి నుంచి ఈ చివరకు రావడానికి ఎంతసేపు పట్టింది! నిలపమని అరవడానికి కావలసినంత వ్యవధి ఉంది. నోరు తెరవలేదు. రాయి తగిలి పళ్ళవరస పట్టేసింది, మిషను గిర్రున పక్కకు తిరిగింది, బావ ముందుకు పడ్డాడు. ఎద్దులు బెదిరి లాగాయి. చక్రం ఆయన చీలమండ మీద ఎక్కింది.

కట్టు కట్టేవాడు వచ్చి కట్టాడు. ఎముక వంకరగా అతికింది. అమ్మేవాడు విరిగిన పళ్ళు చూపించి తిట్టుకుంటూ మిషను తోలుకుపోయాడు. బావ ఆ తరువాత కుంటుతూనే నడిచాడు.

నా తప్పు అక్కడితో అయిపోయి ఉంటే, ఇంత కాలం తరువాత ఇది రాసేదాన్ని కాదేమో. నాలుగైదు దినాలకు అక్క పశువుల కొట్టంలోకి, నా దగ్గరికి వచ్చింది.

"ఏమ్మే, ఆ రాయి నా పక్కదేనా?"

నేను పేడ ఎత్తుతున్నాను. తల తిప్పలేదు.

"నీ పక్కదే అక్కా."

"నాకూ అట్లనే అనిపిస్తా ఉండాది. నువ్వు చూసింటే వదిలేదానివి కాదు. నాకే కండ్లు యాడ పోయినాయో." పేడ గంపకు తనూ ఒక చెయ్యి వేసింది. "మీ బావకి నేనే చెప్తాలే. నువ్వేం చెప్పొద్దు. మన ఇద్దరి మీదా కోపం ఎందుకు ఆయప్పకి?"

పోయి చెప్పింది. తను చేయని తప్పును తలవంచుకుని ఒప్పుకుంది. బావ కొట్టలేదు, తిట్టలేదు. ఏ పనికైనా ముందు అక్కను అడిగే మనిషి, ఆ రోజు నుంచి అడగడం మానేశాడు. విత్తనాలైనా, ఎద్దులైనా, చివరికి పుట్టిన బిడ్డకు పేరైనా. "ఆయమ్మికేం తెలుస్తాది" అనేవాడు. నన్ను మాత్రం నలుగురిలో మెచ్చుకునేవాడు. మరదలు లేకుంటే మా సంసారం ల్యాప్పా అనేవాడు. నా కూడు నాకు దక్కింది. అక్క మర్యాదను అమ్ముకుని తిన్న కూడు అది.

అక్క తనను తానే నమ్మడం మానేసింది. బియ్యం ఏరేది, మళ్ళీ ఏరేది, ఆఖరికి చాట నా ముందు పెట్టేది. "నువ్వొకసారి చూడమ్మే. నా కండ్ల మీద నాకు నమ్మకం ల్యా." నేను చాట తీసుకుని, వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూసినట్టు నటించేదాన్ని. ఎప్పుడూ ఒక్క రాయి కూడా దొరకలేదు.

బావ ముందుగా పోయాడు. తరువాత అక్క మంచాన పడింది. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, ఆ పొద్దు నేను సరిగా చూసింటే ఆయప్పకు కాలు పోయేది కాదు కదా అంది. అప్పుడన్నా చెప్పాలి కదా? పోనీలే అక్కా, పొరపాటు ఎవరికి జరగదు అన్నాను. నేను ఆమెను క్షమించాను. వినండి, నేను ఆమెను. ఆమె కళ్ళు తుడుచుకుని, మంచిదానివమ్మే అంది.

నాకు చదువు లేదు. మా ఊరి బడి కన్నడం బడి, అందులోకీ నేను పోలేదు. చిన్నప్పుడు అక్కే చాటలో రాగులు పరిచి, నా వేలు పట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించింది. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. దీనివల్ల నాకేదో మాఫీ అవుతుందని ఆశ లేదు. ఇవ్వగలిగిన మనిషి పోయింది, మీరు ఇవ్వాలనుకున్నా నేను తీసుకోను. ఒకచోట నిజం రాసి ఉంది, అంతే. రాసినాక ఊపిరి కొంచెం సులభంగా ఆడుతోంది.

ఆ రాయి నా పక్కది. చూసే వదిలేశాను. మా అక్క కళ్ళు చివరిదాకా బాగానే ఉన్నాయి.