ఎదుటి జట్టు బస్సు

ఒహాయోలో చిన్న లీగు ఐస్ హాకీ ఆడే కర్టిస్ హ్రింకోను ఆ ఉదయం కోచ్ పిలిచి, ఈ రోజు ఎదుటి జట్టుకు, వాళ్ల ఆటగాడొకడికి బదులుగా నిన్ను ఇచ్చేశామన్నాడు. కర్టిస్ సంచి మోసుకుని నడవా దాటి, అవతలి జట్టు గదిలో కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మధ్యాహ్నం పాత స్నేహితుల మీదే గోలు కొట్టాడు.

ఆట ముగిశాక, ఆరేళ్ల అలవాటు కొద్దీ పాత జట్టు బస్సెక్కి తన కిటికీ పక్కన కూర్చున్నాడు.

"మమ్మల్ని ఓడించి మా బస్సులోనే ఊరేగుతావురా? దిగు నాయనా," అన్నాడు గోల్‌కీపర్ డెల్మార్. బస్సంతా నవ్వింది. కర్టిస్ కూడా నవ్వుతూనే దిగాడు.

కొత్త బస్సులోనూ ఎవరి సీటు వారికుంటుంది. ఏది ఎవరిదో అడుగుదామంటే ఒక్కరి పేరూ తెలియదు. అందరూ కూర్చునేదాకా మంచులో నిలబడి, ఆఖరున ఎక్కాడు. మిగిలిన ఒక్క సీటులో ఎవరిదో కోటుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు చేరేదాకా అది ఎవరూ అడగలేదు.