చర్చి డాబా మీద ఆరిన నేలవేము

రిపోర్టు మెయిల్లో పంపుతామని గుంటూరు ల్యాబువాళ్లు అన్నారు. వద్దు, నేనే వస్తానన్నాను. పోయినేడు ఫోన్లో విని బడి వరండాలోనే ఏడ్చాను. ఈసారి ఏడ్చినా నవ్వినా కాగితం చేతిలో పట్టుకునే అని మొండికేశాను.

మా ఊళ్లో పన్నెండుమంది ఆడవాళ్లం నేలవేము పండించి, సారం తీసి, మందుల కంపెనీకి అమ్ముతాం. టీచర్ని గనక కాగితాల పని నాది. పోయినేడు చేలో ఒక్క చుక్క పురుగుమందు కొట్టకపోయినా సారంలో తేలింది. ఆరా తీస్తే, ఆకుకు మట్టి అంటకూడదని మాలో ఒకతైన మరియమ్మక్క మిరపకాయలు ఎండబోసే పట్టాలు తెచ్చి పరిచిందట. మా వైపు ఏది ఎండాలన్నా ఆ పట్టాలే మరి! మిరపకు కొట్టిన మందు పట్టాలకంటి, వాటి నుంచి మా ఆకుకెక్కింది. ఆకులో చిటికెడుంటే సారంలో గుప్పెడవుతుంది. సరుకంతా వెనక్కొచ్చింది. మళ్లీ తప్పితే ఇక కొనమని కంపెనీవాళ్లు తేల్చేశారు. అందుకే ఈ ఏడు పాస్టరుగారినడిగి, చర్చి డాబా కడిగి, ఉతికిన చీరల మీద ఆరబెట్టాం.

ఉదయం ఏడు ఇరవైకి సత్తెనపల్లిలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిచ్చాడు. వెనక సీటు పెద్దాయన ఒళ్లో మిర్చి శాంపిల్ సంచి ఉంది, బస్సంతా తుమ్ములే. నా పని విని, "మందు కొట్టందే మా ఊళ్లో గడ్డి కూడా మొలవదమ్మా" అన్నాడు.

"మా ఊళ్లో మొలిచిందండీ" అన్నాను. పైకి గట్టిగానే అన్నాను గాని, సంచిలో ల్యాబు రసీదు ఉందో లేదో మళ్లీ తడిమి చూసుకున్నాను.

గుంటూరు బస్టాండు పక్కన రెండిడ్లీ ముప్పై రూపాయలు, కారప్పొడికి ఇంకో ముప్పై ఇచ్చినా తప్పులేదు. ల్యాబుకు ఆటో యాభై. తలుపులు పదికి గాని తీయరు, వెళ్లేవాళ్లు నాలాగా తొమ్మిదింటికే మెట్ల మీద కూర్చోనక్కర్లేదు.

"ఈసారి ఎక్కడ ఆరబెట్టారండీ?" అంది కాగితాలిచ్చిన అమ్మాయి.

"చర్చి మీద."

ఆమె నవ్వింది. రెండు పేజీల నిండా పురుగుమందుల పేర్లు, ప్రతిదాని ఎదుటా 'కనబడలేదు' అని ఇంగ్లీషులో ఉంది. నిలబడే రెండుసార్లు చదివాను.

పన్నెండింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా పత్తిచేలు, మిరపచేలు చూశాను. ఇన్ని మందుల మధ్య మేం పన్నెండుమందిమి ఒక్క శుభ్రమైన పంట తీశామని గర్వంతో పొంగిపోయాను. ఈ దారిన ఎన్నోసార్లు వచ్చాను గాని ఇంత తల ఎత్తుకుని ఎప్పుడూ రాలేదు.

ఊరి మలుపులో మరియమ్మక్క ఒక్కతే నిలబడి ఉంది. పోయినేటి నుంచీ ఆమె నా మొహంలోకి సూటిగా చూడలేదు.

"పాసయ్యాం అక్కా."

నమ్మలేదు. "అన్నీ చదువు టీచరమ్మా. ఇరవయ్యేళ్లు కూలికెళ్లి డ్రమ్ముల్లో ఆ మందులు కలిపినదాన్ని. పేరు పేరునా నాకు తెలుసు" అంది.

రోడ్డు పక్కనే మొదలుపెట్టాను. ఒక్కో పేరూ చదివి "లేదు" అన్నాను. "దీనికి కళ్లు మండేయి", "దీనికి అన్నం సయించేది కాదు" అంటూ వింది. రెండో పేజీ చివరి పేరు చదివి నేను నోరు తెరిచేలోపే, మరియమ్మక్క నా మొహంలోకి సూటిగా చూసి, "లేదు!" అని ఊరంతా వినబడేలా అరిచింది.