కాలు తినేసిన బెల్టు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ కత్తెరమ్మ అనేవారు. చేతిలో కత్తెరకన్నా ఆమె నోటికే పదునెక్కువని వాళ్ల ఉద్దేశం. అలాంటి మనిషికి బస్టాండు గోడ మీద తమ్ముడి నిలువెత్తు బొమ్మ చూడగానే నోట మాట రాలేదు.

బొమ్మలో తమ్ముడు పరుగెడుతున్నాడు. నడుముకు అయస్కాంతాల బెల్టు. కింద పెద్ద అక్షరాలు: "నా షుగరు మాయం! మందులు మానేశా!"

మానేసిన మాట నిజమే. బస్సు డ్రైవరుగా పనిచేసే తమ్ముడు బెల్టు కొన్న రోజున దుకాణంవాళ్లు ముచ్చటగా ఫొటో తీసుకున్నారు. ఆ బెల్టునే నమ్ముకుని అతను మాత్రలు మూలన పడేశాడు. అరికాలి పుండు ముదిరింది. ఆస్పత్రిలో కాలు మోకాలి దాకా తీసేశారు. ఆ మనిషి తలను దుకాణంవాళ్లు ఇంకెవరి ఒంటికో అతికించి గోడ మీద పరుగెత్తిస్తున్నారు.

కత్తెరమ్మ తిన్నగా దుకాణానికి వెళ్లింది.

"మీ తమ్ముడికి నమ్మకం చాల్లేదమ్మా," అన్నాడు యజమాని నింపాదిగా.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కాలు తినేసి నీతులు చెప్తున్నావా? ఆ బెల్టేదో నీ నోటికి కట్టుకో!"

అక్కణ్ణుంచి మందుల నియంత్రణ కార్యాలయానికి వెళ్లింది.

"బెల్టు వల్లే కాలు పోయిందని నేను రుజువు చెయ్యాలా మేడమ్?"

"అక్కర్లేదమ్మా," అంది అధికారిణి. "షుగరు నయం చేస్తామని ప్రకటన వెయ్యడమే నేరం. కాకపోతే ఆ మాటలు తనవి కావని మీ తమ్ముడు వచ్చి చెప్తే కేసు గట్టిగా నిలబడుతుంది."

తమ్ముడు ససేమిరా అన్నాడు. "వద్దక్కా. నేనెంత వెర్రివాణ్ణో అందరికీ తెలిసిపోతుంది."

"తెలియనీరా! నువ్వు మోసపోయావు, వాడు మోసం చేశాడు. తల దించుకోవాల్సింది ఎవరు?"

తమ్ముడు గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఆ చంక కర్రలు ఇలా అందించు," అన్నాడు.

కోర్టులో అతను తడబడకుండా చెప్పాడు. దుకాణానికి సీలు పడింది, బెల్టులు లారీలో పోయాయి, బొమ్మలు చించేశారు. యజమానికి మాత్రం జరిమానాతో సరిపెట్టారు. అతను ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుకుంటూ మెట్లు దిగిపోయాడు.

"ఇంతేనా? ఒక కాలికి ఇంతేనా?" కత్తెరమ్మ కేకకు వరండాలో జనమంతా ఇటు తిరిగారు.

"అరవకక్కా," అన్నాడు తమ్ముడు. కర్రలు గట్టిగా పట్టుకుని మెట్ల వైపు తిరిగాడు. "పై కోర్టుకు వెళ్దాం. ఈసారి నేనే ముందు నడుస్తా."