కన్నమ్మ గారి జినువాయికి తోడు

ఒక ప్రాణి తరఫున గొంతు చించుకుని వాదిస్తూ, ఆ ప్రాణిని ఒక్క పూటైనా నిదానంగా చూడని రోజు మీ జీవితంలో లేదా? నా జీవితంలో ఉంది. మొన్న మా కోడలు ఆరోగ్యానికి మంచిదని కొర్రలు తెచ్చి చేటలో పోసింది. ఆ పొట్టు వాసన తగలగానే, ఎనభై దాటిన నేను మద్రాసు పురసవాక్కంలో, పది వాటాల ఇంటి నడవలో, ఒక తీగల పంజరం ముందు నిలబడిపోయాను.

ఆ పంజరం కన్నమ్మ గారిది. ఆమె ఆసుపత్రిలో ఆయా. తాతల కాలం నుంచీ మద్రాసులో స్థిరపడిన తెలుగువారు. పంతొమ్మిది వందల యాభైల నడుమ నేను గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఆమె పక్క వాటాలో అద్దెకు దిగాను. ప్రతి ఆదివారం హేతువాదుల చర్చా సమావేశంలో దేవుణ్ణి, శాస్త్రాలను, జాతకాలను ఉతికి ఆరేసి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆమె శుక్రవారం నాడు గడపకు పెట్టినట్టే పంజరానికీ కుంకుమ బొట్టు పెట్టేవారు. "పిట్టకు బొట్టెందుకండీ?" అని ఒకసారి ఎద్దేవా చేశాను. "బొట్టు నాకోసరం అబ్బయా. దానికోసరం కొర్రలు ఏస్తా ఉండా గదా," అన్నారు. ఆ మాట నిజమని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పంజరంలో ఒక జత జినువాయి పిట్టలుండేవి. పిచ్చుకలో సగం ఉంటాయి. ఆ ఎండాకాలం ఆడది చచ్చిపోయింది. మిగిలినది ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుంది. పిలిచేది, ఆగేది, మళ్ళీ పిలిచేది. మూడో నాటికి పిలవడం మానేసింది. కన్నమ్మ గారు కొర్రల తొట్టి పైకెత్తి ఊదారు. పొట్టు ఎగరలేదు. "గింజ అట్టనే ఉండాది. తినలా. ఇట్టనే ఉంటే వారం బతకదు," అన్నారు.

ఎదురు వాటా వరదయ్య గారు, "ఒంటి పక్షి ఇంట్లో ఉంటే అరిష్టం తల్లీ, ఇడిచిపెట్టు," అన్నారు. నేను మండిపడ్డాను. "అరిష్టం కాదండీ, అన్యాయం! పంజరమంటే బానిసత్వం. దానికి స్వేచ్ఛ కావాలి!" మా కారణాలు వేరైనా తీర్పు ఒక్కటేనని నాకప్పుడు తట్టలేదు. ఆమె తొట్టిని మళ్ళీ పంజరంలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆమె లేని సమయం చూసి పంజరం తలుపు తెరిచాను. "పో," అన్నాను గొప్పగా. పిట్ట బయటికి గెంతి, రెక్కలు ఆడించి, వాకిట్లో దభీమని పడింది. గోడ మీది కాకి దిగింది. చెప్పు విసిరి, పరుగెత్తి, పిట్టను దోసిట్లోకి తీసుకున్నాను. దాని గుండె నా అరచేతిలో దడదడా కొట్టుకుంటోంది. అప్పుడు చూశాను. రెక్కల ఈకలు కత్తెరతో సమంగా కత్తిరించి ఉన్నాయి. అమ్మినవాడి పని. నెలల తరబడి రోజూ దాని ముందు నుంచే నడిచాను. దాని రెక్కను ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం తప్పు ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. "కాకి తాకలా గదా? సరే, ఇడువు. రేపు లీవు పెడతా. దానికి తోడు ఎతకాల. నువ్వూ రా."

జార్జి టౌన్ సందులో పిట్టలు అమ్మేచోట ఒక బుట్టలో పచ్చగా మెరిసే పిట్టను చూపించి, ఇది బాగుందన్నాను. కన్నమ్మ గారు కొంగు తడిపి దాని వీపు తుడిచారు. కొంగుకు పచ్చరంగు అంటింది. "మీటింగులో అన్నిట్నీ సోదించాలంటావే! ఈడ రంగు జూసి పడిపోయినావేందప్పా?" అన్నారు. అమ్మేవాడు కూడా సిగ్గు లేకుండా నవ్వాడు.

తరవాత వెంట తెచ్చిన మా పంజరాన్ని జినువాయిల బుట్టల మధ్య పెట్టి, కప్పిన గుడ్డ తీసి, పక్కనే చతికిలబడ్డారు. అరగంట గడిచింది. "ఏమ్మా, కొనేది నువ్వా, పిట్టా?" అన్నాడు అమ్మేవాడు. "పిట్టే," అన్నారామె. చివరికి మా పిట్ట సన్నగా ఒక్క పిలుపు పిలిచింది. ఒక మూల బుట్టలోంచి మట్టిరంగు పిట్ట ఒకటి అంచుకు వచ్చి బదులిచ్చింది. మళ్ళీ పిలుపు, మళ్ళీ బదులు. "అదియ్యి," అన్నారు. ఆడదేనని అతను హామీ ఇచ్చాడు.

ఇంటికి రాగానే కలిపేద్దామన్నాను. "వార్డులోకి కొత్త రోగి వస్తే పాత రోగి మంచంలో పండబెడతామా? ఏం జబ్బు తెచ్చిందో ఎవురికి తెలుసు?" అని కొత్తదాన్ని కొన్ని వారాలు తన వంటింట్లో వేరే పంజరంలో ఉంచారు. గోడకు అటొకటి, ఇటొకటి మాట్లాడుకునేవి. రెండో పొద్దున ఆమె పాత పిట్ట తొట్టి ఊదారు. పొట్టు ఎగిరి నా మొహాన పడింది. ఏ చర్చలో గెలిచినప్పుడూ నా గుండె అంత తేలికపడలేదు. ఆ తరవాత పంజరాలు పక్కపక్కన పెట్టారు, ఆపైన తలుపులు తీశారు. రెండూ ఒకే పుల్ల మీద ఆనుకుని నిద్రపోయాయి.

జినువాయిల్లో మగది వానల కాలంలో ఎర్రబడుతుంది. మిగతా రోజుల్లో ఆడా మగా పోల్చుకోవడం కష్టం. వానలొచ్చాక రెండూ ఎర్రబడ్డాయి. "రెండూ మొగవే! పెండ్లి చెడిపోయిందే!" అని వరదయ్య గారు నడవంతా నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. మార్చుకొద్దాం, జంటంటే ఆడా మగా కదా అన్నాను. కన్నమ్మ గారు పంజరం వైపు చెయ్యి చూపారు. ఒకటి కళ్ళు మూసుకుని మెడ చాపింది, రెండోది దాని ఈకలు దువ్వుతోంది. "పెండ్లని నువ్వనుకుంటివి, ఆయనా అనుకునె. అది అడిగింది తోడే గదా."

శాస్త్రాలన్నీ తగలబెట్టానని విర్రవీగిన నా బుర్రలో ఇంకొక శాస్త్రం దాక్కునే ఉందని ఆ రోజు తెలిసింది. ఆ తరవాత పత్రికల్లో ఎవరి విముక్తి గురించి రాయాలన్నా, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి నోరు మూసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. అన్నిసార్లూ నిలబెట్టుకోలేకపోయాను. కూర్చోకుండా రాసినవి ఇవాళ చదివితే నాకే సిగ్గేస్తుంది.

ఇప్పుడు అడవి పిట్టల్ని పట్టి అమ్మడం నేరం. మంచి చట్టం. అయినా పంజరాల్లోనే పుట్టిన, జినువాయిల్లాంటి విదేశీ ఫించ్ పిట్టలు ఎన్నో ఇళ్ళల్లో ఒంటరిగా మిగులుతున్నాయి. మీ ఇంట అలాంటిది ఉంటే అరిష్టమని భయపడకండి, స్వేచ్ఛ అని ఉపన్యాసం ఇవ్వకండి. దాని జాతి పిట్టలున్న చోటికి దాన్నే తీసుకెళ్ళండి. మీరు ఎంచకండి. అది పిలిచేదాకా ఆగి, బదులిచ్చినదాన్ని ఇంటికి తెండి. ఈ వారమే వెళ్ళండి.